వాగ్దానభూమి – మెట్టభూమి

సత్తెనపల్లి ప్రాంతమున ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తెరచి పేర్లు పిలుచునప్పుడు కోటేశ్వరరావు, వెంకటేశ్వర్లు, మస్తాను, నాగేశ్వరి అను పేర్ల నడుమ మోషే, అబ్రహాము, దానియేలు, యెహోషువ, రూతు, ఎస్తేరు అను పేర్లును వినవచ్చుచుండును. పిలుచువారికిని పలుకువారికిని అవి అలవాటైన పేర్లే. అయినను అవి ఎంత దూరమునుండి ఈ నల్లరేగడి నేలకు నడచివచ్చినవో, వచ్చునప్పుడు ఏ కథను వెంటబెట్టుకొని వచ్చినవో ఆలోచించువారు అరుదు. చరిత్ర పాఠములో ఐగుప్తు రాజుల గోపురసమాధులకు లభించు గౌరవము ఆ గోపురముల దేశమున ఇటుకలు చేసినట్లు చెప్పుకొన్న జాతికి లభించదు. ఆ జాతి కథ ఆదివారపు ప్రార్థనకు సంబంధించినదే కాని బడికి సంబంధించినది కాదని ఒక భావము పాతుకొనిపోయినది. అది సరియైన భావము కాదు.

ఎందువలననగా, అది ప్రధానముగా భూమిని గూర్చిన కథ. భూమి లేని వారికి భూమి నిత్తునని దేవుడు చేసిన వాగ్దానమును గూర్చిన కథ. పల్నాటిలో దానిని మొట్టమొదట చెవియొగ్గి విన్నవారు సెంటు భూమి లేనివారు. ఒక ప్రాచీన జాతి విశ్వాసము పరాయిదేశపు కూలివాని గుండెలో ఎట్లు నాటుకొన్నదో తెలియవలెనన్న ఈ సంగతిని ఆదిలోనే గుర్తింపవలెను.

అమెరికా లూథరను మిషనరీ హయ్యరు 1842 జూలైలో గుంటూరు చేరినాడు. 1849 నాటికి ఆయన గురజాలకు మకాము మార్చినాడు. బాప్తిస్టు మిషను నరసరావుపేటలోను, వినుకొండలోను 1883లో కేంద్రములు పెట్టినది. సత్తెనపల్లి వంతు 1894లో వచ్చినది. అయితే మిషనరీల బంగళాల వలననే ఇంత జరిగినదనుకొనుట పొరపాటు. ఒంగోలు ప్రాంతమున తోళ్ల వర్తకము చేసికొను యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద 1866లోనే బాప్తిస్మము పొంది, ఊరూర తిరిగి తనవారికి తన భాషలో తానే చెప్పినాడు. తరువాత 1876–78 నాటి ధాత కరవు వచ్చినది. ఒంగోలు మిషనరీ క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించినాడు. గంజికొరకు మతము మారినారని ఈ జనమును గూర్చి నేటికిని తేలికగా మాటలాడువారున్నారు. కరవు పనులు సాగినంత కాలము క్లౌ ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. పనులు ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందినారు. గంజి పోయుట ఆగిన తరువాత వచ్చినవారిని గంజికి వచ్చినవారనుట ఎట్లు?

వారు విన్న కథలో రాజులు ఆలస్యముగా వత్తురు. మొదట ఇటుక బట్టీలు, పని చేయించు అధికారుల కొరడాలు, గడ్డి ఈయకయే లెక్క తగ్గకుండ ఇటుకలు చేయుమను ఆజ్ఞ వచ్చును. దేవుడు ఆ కూలివారి మొర విన్నాడు. వారికి ఒక దేశము నిచ్చెదనన్నాడు. వెట్టిచాకిరి యనగా ఏమో ఎరిగిన పల్లెకు ఈ కథను విప్పిచెప్పవలసిన పనిలేకపోయినది. బిడ్డలకు మోషే అని పేరు పెట్టుకొనుటకు వెనుక ఇంత ఉన్నది. 1895లో వినుకొండలో పుట్టిన మహాకవికి తల్లిదండ్రులు పెట్టిన జాషువ అను పేరు ఏది? మోషే తరువాత ఆ ప్రజలను యొర్దాను నది దాటించి వాగ్దానదేశమున ప్రవేశపెట్టిన యెహోషువ పేరే. ఆ కవి ‘గబ్బిలము’లోని అరుంధతీసుతునకు కాలు మోపుకొన గుడి ప్రాంగణమైన లేదు, తన మొర నొక గబ్బిలముచేత కాశీలోని శివునకు చెప్పి పంపుకొనవలసివచ్చినది. 1941లో ఆ కావ్యము వెలువడిననాడు ఈ పేరులోని వైపరీత్యమును ఎందరు గమనించిరో!

ఇక ఆ ప్రజల విశ్వాసము. చుట్టుప్రక్కల రాజ్యములలో దేవతకు ఊరుండెను, గుడి యుండెను, విగ్రహముండెను. ఊరు కూలినచో దేవత ఓడినట్లే లెక్క. ఇశ్రాయేలీయుల గ్రంథము చెప్పు దేవునకు మొదట గుడారమే నివాసము. నిబంధన పలకలుంచిన మందసమును మోతకఱ్ఱలతో భుజములపై నెత్తుకొని ప్రజలు నడచినచోటికెల్ల ఆయనయు నడచును. విగ్రహము లేదు, ఉన్నది నిబంధన. నిబంధన యనగా ఒడంబడిక; ఇరుపక్షములను కట్టిపడవేయునది. ఆ కాలమున హిత్తీయ, అష్షూరు చక్రవర్తులు సామంతులతో చేసికొన్న ఒడంబడికల పద్ధతికిని, ద్వితీయోపదేశకాండపు పద్ధతికిని పోలికలున్నవని పండితులు చూపినారు. సామంతుడు చక్రవర్తికి చేయు ప్రమాణమును ఒక కూలిజాతి తన దేవునితో చేసికొన్నదన్నమాట. ఆ దేవుడొక్కడే దేవుడను భావము మొదటిరోజుననే సంపూర్ణముగా ఏర్పడినది కాదు. ఇతరులకు ఇతర దేవతలున్నారని ఒప్పుకొను ఛాయలు పాత భాగములలో కనిపించును. సర్వలోకమునకును ఒక్కడే దేవుడని నిస్సంశయముగా పలికినది రాజ్యము పోయి, గుడి కాలి, ప్రజలు బబులోను చెరలో నున్న కాలమున. సర్వస్వము పోయిననాడు ఆ విశ్వాసము చిన్నదగుటకు బదులు పెద్దదైనది; ప్రపంచచరిత్రలో ఇది అరుదైన విషయము.

వాగ్దానము చేయబడిన ఆ దేశ మెట్టిదో పల్నాటి రైతు చదివినట్లు ఇతరులు చదువలేరు. పాలును తేనెయు ప్రవహించు దేశమని విన్నంతనే కృష్ణా డెల్టావంటి పచ్చని మాగాణి మనస్సున మెదలును. గ్రంథము చెప్పినది అది కాదు. ద్వితీయోపదేశకాండము పదునొకండవ అధ్యాయమున మోషే ప్రజలకు ఒక హెచ్చరిక చేయును. మీరు విడిచివచ్చిన ఐగుప్తు కూరతోటవంటిది, అచట విత్తనము చల్లి కాలితో నీరు కట్టుకొంటిరి. మీరు పోవు దేశము కొండలు లోయలు గలది, ఆకాశపు వానయే దానికి నీరు అని దాని భావము. కాలితో నీరు కట్టుట యనగా ఏమో బోదెలలో మడవ త్రిప్పిన ప్రతి రైతునకును తెలియును. మట్టిని పాదముతో త్రోసి ఒక పాయ మూసి ఇంకొక పాయ తెరచుటయే. అనగా దాస్యముండినది మాగాణిలో. స్వాతంత్ర్యము వచ్చినది మెట్టలో. నైలునది ఏటేట పొంగి పండించు పంటను విడిచి, మొగులు వైపు చూచుచు బ్రదుకవలసిన రాతినేలకు ఆ జనము నడచినది. దారిలో వారు ఐగుప్తు దోసకాయలను, కరబూజాలను, ఉల్లిపాయలను తలచుకొని ఏడ్చినారని గ్రంథమే చెప్పుచున్నది. ఆ ఏడ్పును తప్పుపట్టుట కడుపు నిండినవారి పని.

పల్నాటికి ఈ తేడా పాఠములవలన గాక అనుభవమువలన తెలిసినది. విజయవాడవద్ద కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియైన తరువాత డెల్టా వరిచేలతో నిండినది. పల్నాడు మాత్రము జొన్న, సజ్జ, వరిగ, కంది, ఆముదములతో వానదేవుని నమ్ముకొని యుండెను. శ్రీనాథుని పేర ప్రచారములోనున్న చాటువులు పల్నాటి రాళ్లను, నీటి కొరతను, జొన్నకూటిని ఎట్లు ఎగతాళి చేసినవో తెలుగు ఉపాధ్యాయులు ఎరుగుదురు. రాజాన్నమున కలవాటుపడిన కవికి మెట్టతిండి రుచింపలేదు. కాని ఆ మెట్టమీదనే ఆయన ద్విపదకు వస్తువైన వీరులు పుట్టినారు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసినాడు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలినారు. కుడికాలువ నీరు సత్తెనపల్లి పొలములకు చేరినపిమ్మట మిరప, పత్తి, వరి పైరులతో గ్రామముల రూపు మారినది. అయినను కాలువ చివరి భూములవారు నేటికిని మొగులువైపే చూతురు. కాలువ పొడవున అందరికిని నమ్మిక ఒకే తీరున లేదు.

తెలుగు అనువాదము వానలను గూర్చి వాడిన మాటలు రెండు మిక్కిలి అందమైనవి: తొలకరి వాన, కడవరి వాన. కాని ఇచట ఉపాధ్యాయుడు ఒక మాట చెప్పక తప్పదు. పల్నాటి తొలకరి జ్యేష్ఠములో, నైరుతి గాలులతో వచ్చును. కనానులో వానకాలమనగా చలికాలమే. అక్టోబరు, నవంబరు నెలలలో మొదటి వాన ఎండిన నేలను మెత్తపరచి దుక్కికి తెచ్చును. మార్చి, ఏప్రిలు నెలలలో కడపటి వాన గోధుమ, యవల కంకులను నింపును. నడివేసవిలో అచట చినుకు పడదు. కోతలవేళ వాన కురియుట కీడునకు సూచన యని ఆ గ్రంథములో ఏల వచ్చినదో దీనినిబట్టి బోధపడును. ఇక ఆ తేనెలో కొంత ఖర్జూరపు పాకమని పండితులు చాలకాలము చెప్పుచుండిరి. 2007లో తేల్ రెహోవు అనుచోట సుమారు మూడువేల యేండ్లనాటి తేనెటీగల మట్టి గొట్టములు వరుసలు వరుసలుగా బయటపడినవి. నిజమైన తేనెయు ఉండెనన్నమాట. పాలు మేకలవి, గొఱ్ఱెలవి. పాలు, తేనె, అత్తి, దానిమ్మ, ద్రాక్ష, ఒలీవ: ఇది గొల్లవాడును మెట్టరైతును కలిసి కన్న కలయే కాని వరిమడుల కల కాదు.

కథలోని ప్రతి ఘట్టమును చరిత్రగా అంగీకరింపవచ్చునా? దీనికి విద్యార్థి అడుగకముందే ఉపాధ్యాయుడు సమాధానము సిద్ధము చేసికొనవలెను. ఇశ్రాయేలు అను పేరు గ్రంథమునకు వెలుపల మొదటిసారి కనిపించునది ఐగుప్తు రాజు మెర్నెప్తా వేయించిన శిలాశాసనమున, క్రీ.పూ. 1208 ప్రాంతమున. అందు అది కనానులో నున్న ఒక జనము పేరు. ఐగుప్తునుండి లక్షలమంది తరలిపోయినట్లు ఐగుప్తు శాసనములలో ఎక్కడను లేదు. 1952–58 నడుమ యెరికో దిబ్బను త్రవ్విన కాథ్లీను కెన్యను ఆ ఊరి గోడలు యెహోషువ కాలమునకు ఎంతో ముందే కూలినవని తేల్చినది. క్రీ.పూ. పండ్రెండవ శతాబ్దమున కనాను కొండలమీద చిన్న చిన్న పల్లెలు పెక్కు క్రొత్తగా ఏర్పడినవి. వారి కుండలు, ఇండ్లు చుట్టుప్రక్కలవారి వానికి దూరమైనవి కావు. అందుచేత ఇశ్రాయేలీయులలో ఎక్కువమంది ఆ దేశమువారే, బహుశః పట్టణపు దొరలకు దూరముగా కొండలెక్కిన రైతులు, కాపరులు అని నేటి పండితులలో పెక్కుమంది తలంచుచున్నారు. ఐగుప్తునుండి వచ్చిన చిన్న గుంపు స్మృతి అందరి స్మృతియైనదని కొందరందురు. గ్రంథమునందే ఈ జాడ లేకపోలేదు. యెహోషువ గ్రంథము దేశమంతయు జయించినారని చెప్పగా, దాని వెనుకనే వచ్చు న్యాయాధిపతుల గ్రంథము జయింపలేక మిగిలిపోయిన ఊళ్ల జాబితా నిచ్చును. కూర్చినవారు రెంటిని ప్రక్కప్రక్కనే ఉంచినారు, దిద్దలేదు.

ఇందుకు పల్నాటివారు కలవరపడ నక్కరలేదు. పల్నాటి యుద్ధము పండ్రెండవ శతాబ్దమున జరిగినదందురు. శ్రీనాథుడు దానిని ద్విపదగా వ్రాయునప్పటికి రెండువందల యేండ్లకు పైగా గడచినవి. కోడిపందెమున ఓడి, రాజ్యము విడిచి ఏడేండ్లు పరవాసముండి, గడువు తీరినంతనే తమ భూమి తమ కిమ్మని అలరాజును రాయబారము పంపినవారి కథ యది. రాయబారి విషప్రయోగమున మరణించినాడు, భూమి దక్కలేదు, కారెంపూడి కదనరంగమైనది. అందెంత జరిగినది, ఎంత కవి చేర్చినది అని వాదించు పండితులు వాదింపగా, కార్తిక మాసాంతమున నాగులేటి గట్టున ఏటేట వీరారాధన జరుగుచునే యున్నది. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు: అయిదు దినములలో కథ మరల జరుగును. అన్ని కులములవారు ఒక్క చాపమీద తిన్న చాపకూడు ఆ స్మృతిలో నడిబొడ్డున ఉన్నది. ఇశ్రాయేలీయుల పస్కాయు ఇట్టిదే. పులియని రొట్టె, చేదుకూరలు, గొఱ్ఱెపిల్ల మాంసము: దాస్యమును, తొందరపాటు ప్రయాణమును నాలుకతో జ్ఞాపకముంచుకొనుట. అందు ఉపాధ్యాయులకు విశేషమైనది ఒకటున్నది. ఈ ఆచారమేమని పిల్లలు అడిగినప్పుడు మీరిట్లు చెప్పవలెనని గ్రంథమే విధించినది. నేటికిని యూదుల ఇండ్లలో ఆ రాత్రి ఇంటిలోని చిన్నబిడ్డ ప్రశ్న అడిగినగాని పెద్దలు కథ మొదలుపెట్టరు. ప్రశ్నతో మొదలగు పూజ ఇతరత్ర అంతగా కానరాదు.

ఒక విషయమును మాత్రము పాఠములోను, ప్రసంగములోను దాటవేయుట ఆచారమైపోయినది. వాగ్దానదేశమున అంతకుముందే మనుష్యులుండిరి. కనానీయులను, అమోరీయులను నిర్మూలింపుమను ఆజ్ఞ ఆ గ్రంథములో స్పష్టముగా ఉన్నది. యెరికో ముట్టడి చరిత్రలో జరుగలేదని పురాతత్త్వము చెప్పినంతమాత్రమున ఆ ఆజ్ఞలోని క్రౌర్యము తొలగిపోదు. దానిని చదివి తరువాతి కాలపు వలసదొరలు తమ కత్తులకు పదును పెట్టుకొన్నారు. దీనికి జవాబు ఆ గ్రంథములోనే ఇంకొకచోట దొరకును. క్రీ.పూ. ఎనిమిదవ శతాబ్దమున ఆమోసు అను పశువుల కాపరి ప్రవక్తయై, ఇశ్రాయేలీయులను ఐగుప్తునుండి రప్పించిన దేవుడే ఫిలిష్తీయులను కఫ్తోరునుండియు, సిరియనులను కీరునుండియు రప్పించినాడనియు, కూషీయులును ఇశ్రాయేలీయులును ఆయనకు సమానులేననియు చాటినాడు. శత్రువులకుకూడ ఒక నిర్గమము ఉన్నదనుట! ఆమోసును ఆ దేశపు పూజారి తరిమివేయజూచినాడనిన ఆశ్చర్యమేమున్నది?

భూమి పోవుటయు జరిగినది. ఉత్తరపు రాజ్యము క్రీ.పూ. 722లో అష్షూరు వశమైనది. ఆ పది గోత్రములవారు ఎటు పోయినారో తెలియక తప్పిపోయిన గోత్రములను మాట పుట్టినది. యెరూషలేము 586లో కాలినది. చెరకు పోయినవారికి యిర్మీయా వ్రాసిన లేఖ ఈ విశ్వాసములోని పెద్ద మలుపు. ఇండ్లు కట్టుకొనుడు, తోటలు నాటుడు, మీరున్న పట్టణపు క్షేమమును కోరుడు, దాని క్షేమమే మీ క్షేమము అని దాని సారాంశము. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును జయించి, తిరిగిపోదలచినవారిని పోనిచ్చినాడు. కొందరు పోయిరి; చాలమంది అచటనే ఉండిపోయిరి. బలిపీఠము లేనిచోట చదువు మిగిలినది, ప్రార్థన మిగిలినది, విశ్రాంతి దినము మిగిలినది. క్రీ.శ. 70లో రోమనులు గుడిని మరల కూల్చినప్పుడు ఆ విశ్వాసము చావకుండుటకు ఈ అలవాటే ఆధారమైనది.

తప్పిపోయిన ఆ గోత్రముల ప్రస్తావన తెలుగునేలమీద వినుటకు వింతగా ఉండును. కాని గుంటూరు జిల్లా చేబ్రోలు ప్రక్కన కొత్తరెడ్డిపాలెములో నలువది కుటుంబములవారు తాము ఎఫ్రాయిము గోత్రపువారమని చెప్పుకొనుచున్నారు. బెనె ఎఫ్రాయిము అని వారి పేరు; ఎఫ్రాయిము బిడ్డలని అర్థము. వారు మాదిగలు, అధికభాగము ఒకప్పటి బాప్తిస్టులు, వ్యవసాయకూలీలు. శమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను సోదరుల నాయకత్వమున 1980ల చివర బహిరంగముగా యూదాచారములు పాటింప మొదలిడి, 1991లో సమాజమందిరము నెలకొల్పుకొన్నారు. శుక్రవారము ప్రొద్దుగ్రుంకినది మొదలు విశ్రాంతి దినము పాటింతురు, పస్కా జరుపుకొందురు, హెబ్రీ అక్షరములు దిద్దుదురు. తమ పూర్వులు పారసీకము, ఆఫ్గనిస్తానము, చీనా మీదుగా ఉత్తరభారతమునకును, తుదకు తెలుగుదేశమునకును వచ్చినారని వారి వృత్తాంతము. యూలియా యెగొరోవా, షాహిదు పర్వేజులు వీరిపై వ్రాసిన గ్రంథము 2013లో వెలువడినది.

ఆ వృత్తాంతమునకు శాసనములుగాని ప్రాచీన లిఖితసాక్ష్యముగాని లేదు. ఈ మాట దాచుటవలన వారికి మేలు కలుగదు. అంతమాత్రమున నవ్వుటకు ఎవరికి హక్కున్నది? ఈ దేశమున సూర్యుని, చంద్రుని, యజ్ఞగుండమును వంశకర్తలుగా చెప్పుకొన్న రాజులను శాసనము చూపుమని ఎవరును నిలదీయలేదు. ఆ వంశావళులే శాసనములైనవి. మాదిగలకు జాంబపురాణమున్నది, జాంబవంతుడు భూమికంటె ముందు పుట్టినాడని, తమ కులము ఆదికులమని డక్కలివారు వారికి ఏనాటినుండియో పాడి వినిపించుచున్నారు. ఊరు తమకు చరిత్ర లేదన్నప్పుడు ఊరికంటె పాతదైన చరిత్ర నొకదానిని పట్టుకొనుట క్రొత్త పని కాదు. జాంబవంతుడు పోయి ఎఫ్రాయిము వచ్చినాడు. మణిపురము, మిజోరాములలోని బ్నేయ్ మెనషే జనులు ఇదేవిధముగా మనష్షే గోత్రపువారమనగా, ఇశ్రాయేలులోని ప్రధాన రబ్బీలలో ఒకరు 2005లో వారిని అంగీకరించినారు; వేలమంది అచటికి తరలిపోయినారు. కొత్తరెడ్డిపాలెము వారికి అట్టి గుర్తింపు రాలేదు. విదేశమునకు పోవుటకే ఈ వేషమని ఎత్తిపొడుచువారు, పోనివారు ముప్పది యేండ్లకుపైగా ఆ దీపము లేల వెలిగించుచున్నారో చెప్పవలెను. ఇచట ప్రభుత్వపు కాగితములును వారికి సాయపడవు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు, ఆ తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చినది. క్రైస్తవునకుగాని యూదునకుగాని ఈయలేదు. పల్లె మారలేదు, కూలి మారలేదు, మతము మారగానే కులము పోయినదని కాగితము చెప్పును.

ఇశ్రాయేలను పేరు నేడు ఒక రాజ్యమునకుకూడ ఉన్నది. 1948లో అది ఏర్పడినప్పుడు ఏడు లక్షలమంది పాలస్తీనీయులు ఇండ్లు వదలవలసివచ్చినది. ఐరోపాలో అరవై లక్షల యూదులను హతమార్చిన ఘోరము అంతకు కొలది యేండ్లముందే జరిగినది. 2023 అక్టోబరు 7న హమాసు చేసిన హత్యాకాండయు, తరువాత గాజాలో వేలకువేల పసిబిడ్డల మరణములును అందరికి తెలిసినవే. ఈ రాజ్యపు ప్రతి చర్యకును ద్వితీయోపదేశకాండము పట్టాకాగితమని వేదికలపై చెప్పుట పల్నాటిలోను వినబడుచున్నది. అది గ్రంథమును చదివినవారి మాట కాదు. అందలి వాగ్దానమునకు షరతులున్నవి. పరదేశిని బాధింపరాదని, అనాథకు అన్యాయము చేయరాదని, కట్టడలను మీరినచో ఆ నేలయే మిమ్ము కక్కివేయునని ఆ గ్రంథమునందే ఉన్నది. అదియునుగాక పురాతన నిబంధన వేరు, నేటి సరిహద్దు తగవు వేరు. రెండవదానిని నేటి న్యాయముతోనే కొలువవలెను.

షరతులు అన్నందున, వానిని కొంచెము వివరముగా చూచుట మంచిది. ఎందుకనగా బడిలో చెప్పదగినది అచటనే ఎక్కువ ఉన్నది. భూమి దేవునిది, మీరు అందు అతిథులవంటివారు, కావున శాశ్వతముగా అమ్మరాదు అని లేవీయకాండము ఇరువదియైదవ అధ్యాయము. చీట్లు వేసి, కుటుంబముల సంఖ్యనుబట్టి పంచవలెను. ఏడవయేట నేలను బీడు విడువవలెను. ఏబదవయేట, అప్పులకు అమ్ముకొన్న పొలము అమ్మినవాని ఇంటికి తిరిగి చేరవలెను. కోతలో చేని మూలలు కోయరాదు. పడిపోయిన పరిగె బీదవారికిని, పరదేశులకును వదలవలెను. మోయాబు దేశపు విధవ రూతు బేత్లెహేములో పరిగె ఏరుకొని అత్తను పోషించినది. పల్నాటి కూలిస్త్రీకి ఈ పని తెలియనిది కాదు; ఇంకొకరి దయగా ఆమె ఎరిగినదానిని ఆ శాసనము హక్కుగా చేసినది. సెలోపెహాదు అనువాడు కొడుకులు లేక చనిపోగా అతని అయిదుగురు కుమార్తెలు సమాజమెదుట నిలిచి తండ్రి భూమి తమకు కావలెనన్నారు. వారు అడిగినది న్యాయమని తీర్పు వచ్చినది. ఆ తీర్పు కొడుకులు లేనియింటికే. కొడుకులుండగా కుమార్తెకు సమానభాగ మిచ్చు చట్టము ఆంధ్రప్రదేశమునకు 1986లో వచ్చినది.

ఏబదవయేటి ఈ పునఃపంపకము ఇశ్రాయేలులో ఒక్కసారియైన జరిగినట్లు గ్రంథములో దాఖలా లేదు. పొలమునకు పొలము కలుపుకొనువారిని యెషయా శపించుటనుబట్టి జరుగలేదనియే తోచును. తెలుగునాట 1973లో భూపరిమితి చట్టము వచ్చినది. బినామీ పేర్లు దానికంటె ముందే వచ్చినవి. 1977లో చేసిన మరొక చట్టము బీదలకు ప్రభుత్వమిచ్చిన పొలములను అమ్మరాదు, కొనరాదు, అమ్మినను చెల్లదు, తిరిగి వారికే ఇప్పించవలెను అన్నది. లేవీయకాండమును ఎరుగకయే శాసనసభ ఆ మాటలనే వ్రాసినది. 2023లో ఆంధ్రప్రదేశ శాసనసభ దానిని సవరించి, ఇరువదియేండ్లు అనుభవించిన అసలు పట్టాదారులకు అమ్ముకొను హక్కు నిచ్చినది. హక్కనువారును ఉన్నారు, ఉన్న అరయెకరమును ఊడగొట్టుకొనుటకు దారి యనువారును ఉన్నారు. సత్తెనపల్లి చుట్టుప్రక్కల మోషే అను పేరుగల పిల్లవాని ఇంటిలో డి-ఫారము పట్టా యొకటి పెట్టెలో నున్నచో, అతడు ఈ రెండు శాసనములను ప్రక్కప్రక్కన పెట్టి తన ఉపాధ్యాయుని అడుగవలసిన ప్రశ్నలు చాలగా ఉన్నవి.